ఐదు స్టార్ల పల్లె

ప్రజలు ఇంట్లో కూర్చుని విసుగు చెందితే అది ప్రజాస్వామ్యానికే అవమానమని, తన ఊపిరి ఉన్నంతవరకు ఈ జిల్లాలో ఒక్కరినీ విసుగు చెందనివ్వనని మా నాయకుడు రామకృష్ణప్పగారు చిక్కబళ్ళాపురంలో ప్రకటించారు. అది రెండో లాక్‌డౌన్. అందరూ ఇళ్ళలోనే ఉండాలని చెప్పడానికి ఆయన ఆరోజు మూడు వందల మందిని నడిరోడ్డు మీద పోగుచేశారు. మైకు నాది. నా పేరు ధనుంజయ. పెళ్ళిళ్ళు లేక నా మైక్‌సెట్టు మూలపడితే, "రాప్పా, ప్రజాసేవ చేస్తువు" అని పిలిచిన మహానుభావుడాయన.

పథకం పేరు ‘మనెయల్లే మనరంజనె’. అంటే ఇంట్లోనే వినోదం. మా వైపు తెలుగు మాట్లాడే పల్లెల్లో కూడా పథకాలు కన్నడంలోనే పుడతాయి. అలా పుడితేనే వాటికి ఆఫీసుల దారి తెలుస్తుంది.

ఇంటికొక ఫారం. అందులో సినిమా, షో, సంగీతం అని మూడు గడులు. ఒక్కోదానికి ఐదు స్టార్ల దాకా వేయొచ్చు. ఎక్కువ స్టార్లు వేసిన ఊరు జిల్లాకు ఫస్టు. చివర రిమార్క్స్. వెనకవైపు, ఇంట్లో కూర్చుని చూడదగినవాటి జాబితా. మొదటిది నాయకుడి పుట్టినరోజు వీడియో. రెండోది బాగేపల్లిలో ఆయనకు జరిగిన సన్మానం. మూడోది ఆయన మొక్క నాటడం. నాలుగోది, మరుసటేడు అదే గుంతలో మళ్ళీ మొక్క నాటడం. ఐదో నంబరు నుంచి మామూలు సినిమాలు.

"అంత దూరం ఎవురూ పోరులే," అన్నాడు ఆయన పీఏ కిశోర్.

ఫారాలు పంచుతూ సాదలి పక్కనున్న మా పల్లెకు వచ్చాం. ఊరి మొదట్లోనే లక్ష్మీనరసమ్మ కారుకు అడ్డం నిలబడింది. రెండెకరాల మల్బరీ తోట, ఇంటి నిండా పట్టుపురుగులు, అదే ఆమె ఆస్తి.

"అప్పా, టీసీ కాలిపోయి తొమ్మిది దినాలాయ," అంది.

టీసీ అంటే ట్రాన్స్‌ఫార్మర్. మా పల్లెలో ఇళ్ళకూ బోర్లకూ కలిపి అదొక్కటే.

"పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. ఇంక ఎనిమిది దినాలు తింటే గూడు కడతాయి. నీళ్ళు లేక తోటలో సొప్పు ఎండిపోతాండాది. ఏమన్నా చెయ్యప్పా."

పట్టుపురుగు పెరిగే నెలలో నాలుగుసార్లు మేత మాని పడుకుంటుంది. దాన్నే మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక దానికి ఎంత సొప్పు, అంటే మల్బరీ ఆకు, వేసినా చాలదు. ఆ వారంలో ఆకు తప్పితే గూడు లేదు, నెల కష్టం గంగపాలు.

నాయకుడు చాలా శ్రద్ధగా విన్నారు. కళ్ళు మూసుకుని మరీ విన్నారు.

"అది సరేమ్మా, సినిమా ఏదన్నా చూస్తివా?"

"కరెంటే లేదంటే సినిమా యాడ చూసేదప్పా?"

"ఫోన్లో చూడు."

"ఫోనుకు ఛార్జింగు యాడ పెట్టేది?"

"అది టెక్నికల్. కిశోర్, నోట్ చేసుకో."

కిశోర్ వెంటనే నోట్ చేసుకున్నాడు. తర్వాత చూస్తే పుస్తకంలో ‘టెక్నికల్’ అని ఒక్క మాటే ఉంది.

"అర్జీ ఇస్తివా?" అన్నారు నాయకుడు.

"మూడు ఇస్తిని."

"నాలుగోది వద్దు. ఈ ఫారంలో రిమార్క్స్ ఉండాది చూడు, దాంట్లో రాయి. నేనే కూసోని చదువుతా."

కారు పోగానే లక్ష్మీనరసమ్మ పెన్ను తీసి రిమార్క్స్‌లో ‘టీసీ’ అని రాసేసింది. అప్పుడే పిళ్ళప్ప వచ్చి పెన్ను పట్టుకున్నాడు. పిళ్ళప్ప మా ఊరి పెద్ద. నలభై ఏళ్ళుగా ఈ ఊరికి వచ్చిన ప్రతి నాయకుడికీ శాలువ కప్పింది ఆయన చేతులే.

"పిచ్చిదానా, తిడితే ఫైలు అయితాది, పొగిడితే పని అయితాది. మన ఊరికి బస్సు ఎట్ల వచ్చె? శాలువ కప్పితే వచ్చె. అందరం ఐదైదు స్టార్లు ఏద్దాం. ఊరు ఫస్టు వస్తాది. సన్మానానికి ఆయన్ని పిలుద్దాం. భుజం మీద శాలువ ఉండంగా ఎవుడూ లేదనలేడు. అప్పుడు అడుగు నీ టీసీ."

"సన్మానం దాకా ఓర్చుకోండి అని నా పురుగులకు ఎవురు చెప్పేది మామా?"

"నాలుగు దినాలే కదమ్మా."

ఆమె పెన్ను విడిపించుకుంది. ఆఖరికి ‘టీసీ’ కొట్టేసి, పిళ్ళప్ప చెప్పినట్టే ‘ధన్యవాదగళు’ అని రాసింది.

మర్నాడు కిశోర్ వివరాలు రాసుకోవడానికి వచ్చాడు. ముందు పిళ్ళప్ప ఇల్లు.

"ఏ సినిమా చూసినారు?"

"చిన్నప్పుడు డేరాలో ఒకటి చూసినా. హీరోను స్తంభానికి కట్టేసినారు, అంతలో వానొచ్చె. ఇడిపించినారో లేదో ఇప్పటికీ తెలీదు."

"ఎన్ని స్టార్లు?"

"ఐదు."

"సగమే చూసినారు కదా?"

"మిగిలిన సగానికి నా నమ్మకం మీద ఏసుకో."

"షో?"

"గోడ మీద టీవీ ఉండాది కదా, దాని ముందర కూసుంటే నల్లద్దంలో ఇంటిల్లిపాదీ కనపడతాము. బాగుంటాది."

కిశోర్ ‘ఫ్యామిలీ షో’ అని రాసుకున్నాడు. చదువుకున్న పిల్లవాడు, ఇట్టే పట్టేస్తాడు.

తర్వాత లక్ష్మీనరసమ్మ ఇల్లు. కిశోర్ లోపలికి అడుగు పెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "గడప దాటొద్దప్పా. పరాయివాళ్ళు వస్తే పురుగులకు రోగమొస్తాది." వాకిట్లోనే నిలబడి అడిగాడు.

"సంగీతం ఏం విన్నారమ్మా?"

"పురుగులు సొప్పు తినే సద్దు. వాన పడినట్ల ఉంటాది. అది ఇంటేనే నాకు నిద్ర వచ్చేది."

"ఏ ఆల్బమ్?"

ఆమెకు అర్థం కాలేదు. కిశోర్ ‘జానపదం, లైవ్’ అని రాసుకున్నాడు.

"ఇప్పుడు కొంచెం మెల్లగా ఇనపడతాండాది," అంది ఆమె. దానికి ఫారంలో గడి లేదు.

పిళ్ళప్ప చెప్పిన నాలుగు రోజులు ఆరయ్యాయి. పక్క తోటలు కూడా ఎండినవే. లక్ష్మీనరసమ్మ పొద్దున్నే సాదలి దాకా నడిచి, కాళ్ళావేళ్ళా పడి ఒక మోపు ఆకు తెచ్చేది. పురుగులకు అది ఒక పూటకు కూడా చాలేది కాదు.

ఏడో రోజు మా పల్లె జిల్లాకే ఫస్టు అని తేలింది. నాయకుడు పద్నాలుగు కార్లతో వచ్చి, ఎవరూ గుంపులు కూడవద్దని చెప్పి, గుంపు కూడాక స్టేజీ ఎక్కారు. పిళ్ళప్ప శాలువ కప్పి, మైసూరు పేట తలపాగా పెట్టి, పండ్ల బుట్ట చేతికిచ్చి, ఇంత రసికుడైన నాయకుణ్ణి తన జన్మలో చూడలేదన్నాడు. అని లక్ష్మీనరసమ్మకు కనుసైగ చేశాడు. ఆమె మైకు అందుకుంది.

"అప్పా, శాలువ కప్పితిమి, స్టార్లు ఏస్తిమి. ఇంక టీసీ ఇయ్యప్పా. సొప్పు అయిపోయె. బిడ్డల్ని సాకినట్ల సాకినా, నా కండ్ల ముందరే సచ్చిపోతాండాయి." ఆమె ఏడ్చేసింది. నా బ్యాటరీ కొత్తది కాబట్టి ఊరి చివరి దాకా వినబడింది.

నాయకుడి కళ్ళు కూడా చెమ్మగిల్లాయి.

"అమ్మా, జిల్లా మొత్తానికి వచ్చింది ఒక్క టీసీ. మొదట మీ ఊరి పేరే రాసుండిరి. నేను కూసోని మీ ఫారాలన్నీ చదివితిని. కరెంటు లేకుండానే నూటికి నూరు వినోదం! ఇట్లాంటి ఊరికి కరెంటు ఇస్తే రికార్డు చెడిపోదా?"

"మరి టీసీ యాడుండాదప్పా?"

"బట్లహళ్ళి దిక్కు ఒక ఊరికి పంపితిమి. వాళ్ళు ఒక్క స్టారూ ఎయ్యలే. ఫారం నిండా నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినారు. పాపం, ఆ ఊళ్ళో వినోదం శానా తక్కువగా ఉండాది."

పిళ్ళప్ప నాయకుడి భుజం మీది శాలువ వైపు చూశాడు. కార్లలో వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అంతటితో ఆగి ఉంటే ఆయన అందరి లాంటి నాయకుడే అయ్యేవారు. లక్ష్మీనరసమ్మ సంగీతాన్ని రికార్డు చేసి జాబితాలో ఐదో నంబరుగా చేర్చాలని అక్కడికక్కడే నిర్ణయించారు. అందరం ఆమె ఇంటికి వెళ్ళాం. ఆమె ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు. నాయకుడు బూట్లతోనే లోపలికి నడిచారు.

నేను ఒక పురుగుల తట్ట దగ్గర మైకు పెట్టాను. కిశోర్ హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

"సౌండు రాలేదే. ఆన్ చేసినావా?"

"ఆన్‌లోనే ఉండాది సార్."

పక్క తట్ట దగ్గర పెట్టాను. తర్వాత ఆ పక్కది.

"నిన్న సందేళ నుంచి నాకూ ఇనపడలేదప్పా," అంది లక్ష్మీనరసమ్మ గోడకు ఆనుకుని.

నాయకుడు హెడ్‌ఫోన్ తీసుకున్నారు. కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విన్నారు.

"ఎంత ప్రశాంతంగా ఉండాది!" అని, ఫారం తెప్పించుకుని తన చేత్తో ఐదు స్టార్లు వేశారు.