టోపీకి పెళ్లి

ఉముకోలో అనే ఊరిని ఒక టోపీ పాలించేది. నైజీరియా తూర్పు భాగంలో ఇగ్బో జనం ఉండే ఊరు అది. తెల్లదొర వచ్చిన కొత్తలో, ఈ ఊరికి పెద్ద ఎవరని అడిగాడు. పెద్దంటూ ఎవరూ లేరు, నలుగురం కూర్చుని మాట్లాడుకుంటాం అన్నారు ఊరివాళ్లు. ఆ జవాబు రాసుకోవడానికి దొర కాగితంలో చోటు లేదు. అందుకని ఒక ఎర్రటోపీ పంపించి, ఇదే మీ పెద్ద అన్నాడు.

టోపీ తనంత తాను నడవలేదు కాబట్టి దాని కింద ఒక మనిషి కావాలి. ఆ మనిషి మదుకా. పెండలం పండించుకునే మెత్తనివాడు. టోపీ పెట్టుకుంటే పన్ను అడుగుతాడు, జరిమానా వేస్తాడు. తీస్తే పెండలం తవ్వుకుంటాడు. ఒకసారి టోపీ అతనికే జరిమానా వేసింది. టోపీ తీసి, కట్టాడు. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు.

ఆ ఏడు వానలు వెలిశాక టోపీ పెళ్లి చేసుకోదలచింది. ఉగోయె అనే విధవరాలి కూతురు ఇహువోమను ఎంచుకుంది. అక్కడ మగపెళ్లివారు పిల్ల తరఫువాళ్లకు ఓలి సొమ్ము ఇచ్చి పిల్లను అడగాలి. టోపీ ఓలి ఇవ్వదు, అడగదు కూడా. పిల్ల అన్నం మానేసింది. ఆమె అన్న ఎకే మాత్రం, టోపీకి బావమరిదినైతే నన్ను ఎవడూ కదిలించడు అన్నాడు.

ఉగోయె మదుకా దగ్గరికి వెళ్లింది.

"ఏం మామా, నా పిల్ల నీ మనవరాలి ఈడుది. సిగ్గు లేదూ?"

మదుకా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఎందుకుండదే తల్లీ. మా ఆవిడ నా మొహం చూట్టమే మానేసింది."

"అయితే పెళ్లి వద్దని చెప్పు."

"ఇప్పుడే చెప్తా" అని టోపీ పెట్టుకున్నాడు. "సంతరోజుకి పిల్లని తయారుచెయ్యి" అన్నాడు.

అక్కడి ఆడవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. మగాడు తప్పు చేస్తే ఒకామె లేత తాటాకు మడిచి పక్కింటికి ఇస్తుంది. ఆమె ఆ పక్కింటికి ఇస్తుంది. ఆకు ఊరంతా తిరిగేసరికి ఆడవాళ్లంతా మొహాన బూడిద పూసుకుని, రోకళ్లు పట్టుకుని వాడి వాకిట్లో కూర్చుంటారు. వాడి మీద పాటలు కట్టి పాడతారు. తప్పయిందని వాడు నోటితో అనాలి. అనకపోతే ఇంటికప్పు పీకేస్తారు.

ఉగోయె ఆకు మడిచింది. అందరూ వచ్చారు.

"టోపీకి కాళ్లేవే అక్కా, మంచమెట్టా ఎక్కుద్దే?" అని పాడారు.

మదుకా వెంటనే టోపీ తీసి, తప్పయిందన్నాడు. తర్వాతి చరణం తనే అందుకున్నాడు. గొంతు బాగుంది. పాట అయ్యాక టోపీ పెట్టుకుని, పిల్ల తయారైందా అన్నాడు.

"నువ్వు కాదులే మామా, పక్కకి జరుగు" అన్నారు ఆడవాళ్లు. టోపీని పీట మీద పెట్టి, దాని చుట్టూ కూర్చున్నారు. గొంతులు బొంగురుపోయేదాకా పాడినా టోపీ తప్పయిందనలేదు. సంతరోజు రానే వచ్చింది.

"ఇంక కప్పు పీకాల్సిందే" అంది ఒక ముసలామె.

"దీనికి ఇల్లేదత్తా?"

"దానికి ఇల్లూ కప్పూ అదే గదే, మొద్దూ!"

టోపీని పోగుపోగుగా విప్పారు. తలా ఒక ఎర్రపోగు చేతికి కట్టుకున్నారు. ఆఖరి పోగు ఇహువోమ లాగింది. పెళ్లికొడుకు లేనందున పెళ్లి ఆగిపోయింది. పిల్ల అన్నం తింది.

సంగతి తెలిసి దొర సిపాయిలు తుపాకులతో వచ్చారు. కాల్చాలంటే ఊరి పెద్ద అనుమతి కావాలి, పెద్ద ఎక్కడ అని అడిగారు. ఆడవాళ్లు చేతులు చూపించారు. పోగులు అనుమతి ఇవ్వడానికి రూలు లేదు. "కొత్త టోపీ వచ్చాక కాలుస్తాం. అందాకా మీ పనులు చూసుకోండి" అని సిపాయిలు మర్యాదగా చెప్పి వెళ్లారు. ఆడవాళ్లు సంతకు వెళ్లారు.

కొత్త టోపీ ఓడలో రావడానికి చాలాకాలం పట్టింది. తలలకు మాత్రం కొరత లేదు. ఓడ దిగిందని తెలియగానే మగవాళ్లు దొర కచేరీ ముందు ఎండలో వరసకట్టారు. మదుకా కూడా వచ్చాడు. ఎందుకు వచ్చావంటే, తల చల్లగా ఉంటోంది అన్నాడు.

ఎకే ఇంకా బయల్దేరలేదు. పెరట్లో కూర్చుని గుండు గీసుకుంటున్నాడు.

"గుండెందుకురా?" అంది ఉగోయె.

"జుట్టుంటే టోపీ బిగుసుకుపోద్దంటమ్మా."

ఆమె తన చేతి పోగు వంక చూసింది.

"ఎవడో ఒకడు పెట్టుకుంటాడు గదమ్మా" అన్నాడు ఎకే. "పరాయోడైతే చెప్పాపెట్టకుండా కాల్చమంటాడు."

"నువ్వైతే?"

"నేనైతే ముందు నీకు చెప్తా."

ఉగోయెకు ఆ మాట సబబుగానే తోచింది. "తల వంచు. వెనకంతా గీతలు పెట్టుకున్నావు" అని కత్తి తీసుకుంది. చెవుల వెనక జాగ్రత్తగా గీసింది.

ఇహువోమ గుమ్మంలో నిలబడి చూసింది. తాటిచెట్టు దగ్గరికి వెళ్లి లేత ఆకు ఒకటి విరిచింది. మడిచి పక్కింటామెకు ఇచ్చింది.

"ఎవరి వాకిట్లోనే?" అంది పక్కింటామె.

"మా వాకిట్లోనే, వదినా."

పక్కింటామె ఆకు తీసుకుని, రోకలి కోసం లోపలికి వెళ్లింది.