గ్రహశకలానికి అతిథి మర్యాదలు

సచివాలయం బెంచీ మీద చోటు చాలక, గ్రహశకలం భవనం పైన ఆకాశంలోనే ఆగి తన వంతు కోసం ఎదురుచూస్తోంది. ఓ మోస్తరు కొండంత ఉంటుంది. ఆఫీసు తెరిచే వేళకు దిగివస్తుంది, మూసే వేళకు చుక్కల్లోకి వెళ్లిపోతుంది. ఆదివారాలు, రెండో శనివారాలు రాదు. భూమి మీద పడడం దాని పని. దానికి కార్యదర్శి గారి అనుమతి కావాలని మొదటి రోజే చెప్పారు. సరేనని ఆగింది.

అలా చెప్పి ఆపింది శేషారత్నం, సందర్శకుల విభాగం సూపరింటెండెంటు. మనిషిని నొప్పించకుండా తిప్పి పంపడంలో ఆమెకు సాటి రాగలవాళ్లు ఆ రాష్ట్రంలో లేరు. ఇది వెటకారం కాదు, మెచ్చుకోలే. ఎంత చిందులు తొక్కుతూ వచ్చినవాడైనా ఆమె దగ్గర మంచినీళ్లు తాగి, పిల్లల చదువుల గురించి నాలుగు మాటలు చెప్పుకుని, "సారు మీటింగులో ఉన్నారండీ, రేపు రండి" అన్న మాటను వరంలా పట్టుకుని వెళ్లేవాడు. గ్రహశకలానికి మంచినీళ్లివ్వడం కుదరలేదు గనక మేడెక్కి మైకులో పలకరించింది. "అంత దూరం నుంచి వచ్చారు, పాపం ఎండలో!" అంది. అది మెత్తబడింది. ఆ రోజు నుంచి భూగోళం ఆవిడ నోటి మంచితనం మీద నడుస్తోంది. భూరక్షణ అదనపు బాధ్యతలు ఆమెకే అప్పగిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది.

ఇబ్బంది ఒక్కటే. రేపు రమ్మన్నవాళ్లు వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త ముందుకొచ్చి కూర్చుంటారు. మొదట గేటు, తర్వాత వరండా, ఆ తర్వాత ఏకంగా తలుపు. శకలమూ అంతే, రోజుకింత కిందికి జరుగుతోంది. దాని నీడ ఇప్పుడు ఉద్యోగుల క్వార్టర్ల మీద పడుతోంది. శేషారత్నం కూతురు కాపురం అక్కడే. మనవరాలు చిన్మయి పుట్టి బుద్ధెరిగాక ఆఫీసున్న రోజుల్లో ఆ వాకిట్లో పగటి ఎండ చూడలేదు. నీడను మబ్బు అనుకుంటుంది. ప్రపంచం ఏమైపోతుందో అన్నది శేషారత్నానికి తర్వాతి సంగతి. ఆ పిల్ల నెత్తిన కొండ వేలాడుతోందన్నదే ఆమెకు అన్నం సయించనివ్వని సంగతి.

ఆ బెంచీ మీదే డాక్టర్ మస్తాన్ వలీ కూడా కూర్చునేవాడు. ఆయన అంతరిక్ష శాస్త్రవేత్త. శకలాన్ని దారి మళ్లించే రాకెట్టు ఎలా కట్టాలో ఆయనకు తెలుసు, కట్టడానికి నిధులే లేవు. ఆర్థిక శాఖ జవాబు మర్యాదగానే వచ్చింది. శకలం ఇంకా పడలేదు కాబట్టి అది విపత్తు కాదు. విపత్తు నిధులు పడ్డాకే విడుదలవుతాయి. పడిన వెంటనే బాధితులు స్వయంగా ఆధార్ జిరాక్సుతో హాజరు కావాలి. శాసనసభలో చర్చ కూడా హుందాగా జరిగింది. సగం మంది ముందు రోడ్లు వేయమన్నారు. మిగతా సగం, శేషారత్నం గారుండగా రాకెట్టెందుకన్నారు.

"నన్ను రేపు రమ్మన్నా పర్లేదు మేడమ్. దాన్ని మాత్రం రమ్మనబాకండి" అన్నాడు వలీ ఓ రోజు. "ఇంక రావద్దని ఒక్క మాట చెప్పండి. మీ మాటైతే వింటది."

శేషారత్నం గుండె దిటవు చేసుకుని మేడెక్కింది. మైకు పట్టుకుని, "అయ్యా, ఇక మీరు వెళ్లం..." దాకా వచ్చింది. అక్కడ నాలుక తిరగలేదు. ఎదురుగా నిలబడ్డవాళ్లను ఉత్త 'వెళ్లండి' అని పంపడం ఆవిడ ఇంటా వంటా లేదు.

"వెళ్లి రండి" అనేసింది.

'రేపు రండి' ఆఫీసు మాట. 'వెళ్లి రండి' ఇంటి మాట, చుట్టాలకు చెప్పేది. శకలం సంబరంగా ఓ మేడ ఎత్తు కిందికి దిగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ప్రభుత్వ మైకులో ప్రభుత్వోద్యోగి అన్న మాట కాబట్టి, అప్పటిదాకా అర్జీదారుగా ఉన్న శకలం ఆ క్షణం నుంచి రాష్ట్ర అతిథి అయింది.

అతిథి అనగానే నిధులు గలగలా వచ్చిపడ్డాయి. షామియానాలు లేచాయి. స్వాగత ద్వారం కట్టారు. శాలువా ఎంత పొడుగుండాలో తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఎవరూ కొర్రీ పెట్టలేదు. ఆపడానికి పైసా లేదన్న ఖజానాయే ఆహ్వానించడానికి తలుపులు బార్లా తెరిచింది. వలీ తల పట్టుకుని కూర్చున్నాడు. శేషారత్నం కాసేపు తన నోటిని తనే తిట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి తను ఎవరినీ అడక్కుండా కార్యదర్శి గారి గదిలోకి నడిచింది.

"సార్, అతిథి గారిని సాగనంపడానికి బండి పెట్టాలండీ."

"కారు పెట్టించండమ్మా."

"కార్లో పట్టరండీ."

కార్యదర్శి కిటికీలోంచి పైకి చూశారు. "మరెందులో పడతారు?"

"రాకెట్టులో అండీ."

"సరే, పెట్టించండి" అని సంతకం చేశారు.

ఇన్నేళ్లుగా మహామహులు నివేదికలతో సాధించలేనిది ఆవిడ ఒక్క బండి మాటతో సాధించింది. చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. వలీ నిజంగానే పెట్టాడు. రాకెట్టు కట్టడం మొదలైంది. సగం పని అయ్యాక ఆయన మళ్లీ వచ్చాడు, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అతిథుల బండి ఎప్పుడూ రానుపోను మంజూరవుతుందంట మేడమ్. పోను ఒక్కటే అంటే అతిథికి అవమానం, పైగా ఆడిట్‌లో పట్టుకుంటారంట. తీసుకెళ్లిన రాకెట్టే మళ్లీ తీసుకొచ్చేటట్టు కడితేనే ఆ సంతకం చెల్లుద్దంట."

"తిరిగొచ్చేది ఎప్పటికి?"

"మీ మనవరాలికి మీ వయసొచ్చేటప్పటికి."

శేషారత్నం కిటికీలోంచి క్వార్టర్ల వైపు చూసింది. నీడలో ఎవరో మధ్యాహ్నమే లైట్లు వేసుకున్నారు. "కానివ్వండి" అంది చివరికి. ఆ మాట అన్నందుకు ఆవిడను ఎవరూ తప్పు పట్టలేదు. ఆ కుర్చీలో ఎవరున్నా అదే అంటారు.

వీడ్కోలు ఘనంగా జరిగింది. బ్యాండు మేళం మోగింది, శాలువా కప్పారు, శకలం మురిసిపోతూ వెళ్లింది. మర్నాడు వలీ, అది తిరిగొచ్చేలోగా ఏదైనా చేద్దామంటూ నిధులడిగాడు. శకలం కనబడడం లేదు కాబట్టి ఆయన విభాగాన్ని మూసేశారు.

ఆ మధ్యాహ్నం క్వార్టర్ల వాకిట్లో చిన్మయి ఎండకు కళ్లు చికిలించుకుంటూ నిలబడింది.

"మబ్బేది అమ్మమ్మా?"

"వెళ్లిపోయింది తల్లీ. నువ్వు బాగా పెద్దయ్యాక వస్తుంది."

పిల్ల చప్పట్లు కొట్టింది. అంతలోనే ఏదో అనుమానం వచ్చినట్టు మొహం పెట్టింది. "వస్తే నేనేం చెయ్యాలి?"

శేషారత్నం వంగి, పిల్ల నుదుటి మీది చెమట కొంగుతో తుడిచింది. "అప్పటికి నీకన్నీ తెలుస్తాయిగా. నువ్వే చూసుకుందువు గానిలే" అంది.

"సరే అమ్మమ్మా" అంది చిన్మయి.