మస్కట్‌కు పోయిన సగం నాటకం

సూరత్ తెలుగు వాళ్ల చరిత్రను ఇకమీదట రెండు భాగాలుగా చదువుకోవాలని నర్సింగం గారు ప్రకటించారు. 'నూలుబిడ్డ' నాటకం మస్కట్‌కు పోకముందు ఒకటి, పోయిన తర్వాత ఒకటి. ఈ ప్రకటన వడోద్‌లోని సంఘం హాలులో, ఒక ఆదివారం పొద్దున, మైకు రెండుసార్లు చచ్చి బతికిన తర్వాత వెలువడింది. నర్సింగం గారు తెలుగు సాంస్కృతిక మహాసంఘానికి అధ్యక్షులు, ఒక పార్టీకి తెలుగు విభాగం కన్వీనర్, రాబోయే కార్పొరేషన్ ఎన్నికల్లో టికెట్ ఆశించే మనిషి. మూడు పదవులకూ ఒకే తెల్ల కుర్తా వాడతారు. అది ఆయన నిరాడంబరత.

"ఒరిజినల్ కాస్ట్‌నే తీస్కపోతం," అన్నారు ఆయన. "ఒక్క మీసం కూడ మార్చం."

చివరి వరుసలో కూర్చున్న వజ్రమ్మ అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది. కొట్టాక, మరీ ఎక్కువ కొట్టానేమో, ఆశ బయటపడిందేమో అని దిగులుపడింది. ఆమెకు అరవై ఆరేళ్లు. పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని తనంతట తాను చదవడం నేర్చుకున్న మనిషి. చదువు వచ్చాక ఆమెకు కలిగిన లాభం ఏమిటంటే, అంతకుముందు గల్లీ వరకే ఉన్న భయాలు ప్రపంచమంతటికీ విస్తరించాయి.

'నూలుబిడ్డ' పాటల నాటకం. కథ చిన్నదే. ఒక నేతగత్తె కొడుకుకు పదహారేళ్లే ఆయుష్షు. గడువు నాటికి యముడొస్తాడు. తల్లి బిడ్డను సాగనంపుతుంది. చివర్లో శివుడొచ్చి కాపాడతాడు. దీన్ని ఆడేది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే వాళ్లే కాబట్టి, సాంచాల రివాజే నాటకానికీ వచ్చింది. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి పాళీ మారుతుంది. నాటకం ఐదింటికి మొదలవుతుంది. రాత్రి పాళీ వాళ్లు మొదటి సగం ఆడి, ఆరున్నరకు కిరీటాలు స్టూలు మీద పెట్టి పనికి పోతారు. పగటి పాళీ వాళ్లు ఏడింటికి దిగి, జుట్టులోని నూలుపీచు దులుపుకుంటూ వచ్చి, అవే కిరీటాలు పెట్టుకుని మిగతా సగం ఆడతారు. పొట్టి యముడు పోయి పొడుగు యముడు వస్తే వడోద్‌లో ఎవరికీ వింత కాదు. ఎవరి సగం వాళ్లకే వచ్చు. పక్కవాడి సగం నేర్చుకోవడానికి ఎవరికీ తీరిక లేదు.

ఈ రెండు సగాల మధ్య స్టేజీ మీద మిగిలేది తల్లి ఒక్కతే. ఇరవై ఏళ్లుగా ఆ తల్లి వజ్రమ్మ. ఇంట్లో కండెలు చుట్టుకునే ఆమెకు పాళీ లేదు. సచిన్ పారిశ్రామికవాడ నుంచి పగటి పాళీ వాళ్ల బస్సు ఆలస్యమైన కొద్దీ, బిడ్డను సాగనంపే పాటకు ఆమె చరణాలు కలుపుతూ పోయింది. చూసినవాళ్లు మహానటి అనేవారు. అది నటన కాదనీ, బస్సు రాలేదనీ ఆమెకు మాత్రమే తెలుసు. ఏడవడానికి ఆమెకు సామగ్రి కొదవ కూడా లేదు. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీద తన వాళ్లలో ఎవరిని ఎక్కించుకుపోయిందో అన్నీ గుర్తే. ఒక్కో చరణానికి ఒక్కో రైలు తలుచుకునేది.

ఆఖరి చరణం చెల్లెలిది. ఎల్లవ్వ మస్కట్‌లో ఒక ఇంట్లో వంటమనిషిగా పోయి తొమ్మిదేళ్లయింది. ఒక్కసారీ రాలేదు. సెలవు దొరికిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఎవరికో ఒకరికి పెళ్లో, కాన్పో వచ్చేది.

శుక్రవారం ఫోన్ చేసింది ఎల్లవ్వ.

"అక్కా, నువ్వొస్తున్నవట గద. ఈడ అందరికి చెప్పిన."

"నేనేమొస్త. కళ వస్తది. కళ ఎంట నేనొస్త," అంది వజ్రమ్మ, మీటింగులో విన్న మాటను జాగ్రత్తగా వాడుతూ.

"సరే తియ్యి. కళ వచ్చి నా చేతి కూర తినిపోతదా లేదా?"

వజ్రమ్మ ఫోన్ పెట్టేసి, కొత్త చీర రెండు కొనాలా మూడా అని వారం రోజులు ఆలోచించింది. కళ కోసమే.

నాటకానికి పిలిచిన మస్కట్ తెలుగు వాళ్లు పద్నాలుగు వీసాలు పంపుతామన్నారు. నటులు ఇరవై ఆరు మంది. నర్సింగం గారు వెంటనే ఎంపిక కమిటీ వేశారు. కమిటీలో ఐదుగురు. ఎంత నిజాయితీగా ఎంపిక చేశారో మస్కట్‌లో స్వయంగా పరిశీలించాలి కాబట్టి ముందుగా ఆ ఐదుగురికీ వీసాలు ఖాయమయ్యాయి. నాయకత్వానికి ఒకటి, నాయకత్వాన్ని ఫోటో తీయడానికి ఒకటి. మిగిలిన ఏడింటిలో నాటకమంతా సర్దాలి.

న్యాయంగా చూడాలని కమిటీ ఒక ప్రదర్శన ప్రత్యేకంగా వేయించుకుంది. ఐదింటికి వచ్చి ముందు సోఫాల్లో కూర్చుంది. ఆరున్నరకు పర్వత్ పాటియాలో ఒక బట్టల వ్యాపారి విందు ఉండటంతో లేచింది. చూసిన వాళ్లలో బాగా చేసిన వాళ్లందరి పేర్లూ రాసుకుంది.

మర్నాడు జాబితా వచ్చింది. వజ్రమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మూడుసార్లు చదివి, సంఘం ఆఫీసుకు పోయింది.

"నర్సింగం, గీండ్ల అందరు మొదటి సగమోల్లే ఉన్నరు బిడ్డా."

"మేమంత చూసే రాసినం అత్తా."

"చూసిన్రు. సగమే చూసిన్రు. పొడుగు యముడు పరుశురాం పేరు లేదు. శివుని పేరే లేదు."

"శివుడేడున్నడు? గంటన్నర కూసున్నం, ఒక్కసారన్న కనవడలే. పని చెయ్యనోనికి వీసా ఎట్లిస్తం? రేపు ప్రెస్సోల్లు అడుగుతరు."

"శివుడు ఆఖరికొస్తడు బిడ్డా. ఆయన రాకుంటె పోరడు సస్తడు."

"నువ్వు జర నెగెటివ్ ఆలోచనలు తగ్గించుకో అత్తా," అన్నారు నర్సింగం గారు ఎంతో ఆప్యాయంగా.

నిజమే కదా అనుకుంది వజ్రమ్మ. తను దేనికి భయపడలేదు గనక. గ్యాస్ బండ పేలుతుందని భయపడి ఆరు నెలలు కిరోసిన్ స్టవ్ మీద వండిన మనిషి, శివుడు రాడేమోనని భయపడటంలో ఆశ్చర్యమేముంది.

పదహారేళ్ల కొడుకు వేషం నర్సింగం గారి బావమరిది ఉమాకాంత్‌కు వెళ్లింది. ఆయనకు నలభై ఆరు. కానీ పాస్‌పోర్టు ఉంది. వయసు మనసుకు సంబంధించిందని కమిటీ అభిప్రాయపడింది.

ఇక తల్లి వేషం. ఈ విషయం చెప్పడానికి నర్సింగం గారే స్వయంగా వజ్రమ్మ ఇంటికి వచ్చి, టీ తాగి, మళ్లీ టీ తాగి, అప్పుడు మొదలుపెట్టారు.

"అత్తా, మస్కట్ అంటె ఇంటర్నేషనల్. ఆడ తెర మీద మన మొఖం ఇంత పెద్దగ వడ్తది. నీ మొఖంల జర... అనుభవం ఎక్కువ కనిపిస్తది."

"ముడుతలా బిడ్డా?"

"నేను ఆ మాట అనలే. మా కోడలు లత ఉన్నది గద, ఇరవై నాలుగేండ్లు. ఆ పిల్లను తీస్కపోదామని కమిటీ అన్నది. నేను వద్దన్న. కమిటీ వినలే."

"ఉమాకాంత్‌కు తల్లిగనా?"

"తల్లి ఎప్పుడు యంగే అత్తా, బిడ్డ కండ్లకు."

వజ్రమ్మకు ఏడుపు రాలేదు. ఇరవై ఏళ్లు అరగంటల కొద్దీ ఏడ్చిన మనిషికి, అవసరమైనప్పుడు ఒక్క చుక్క రాలేదు. చెల్లెలు మస్కట్‌లో అందరికీ చెప్పి పెట్టుకుంది. ఆ మాట నర్సింగం గారితో చెప్పాలనుకుంది. చెబితే, కళ కోసం కాదు చెల్లి కోసం వస్తోందని అంటారని ఆగిపోయింది. టీ కప్పులు కడిగింది.

లతకు పాటలు నేర్పే బాధ్యత కూడా ఆమెకే అప్పగించారు. లత మంచి పిల్ల. సూరత్‌లో పుట్టి పెరిగింది, తెలుగు పాటలు గుజరాతీ అక్షరాల్లో రాసుకునేది. జోలపాట వచ్చింది, మగ్గం పాట వచ్చింది. సాగనంపే పాట దగ్గర మాత్రం పాఠం రోజూ ఆగిపోయేది, మొదటి చరణం ఎత్తుకోగానే ఇప్పుడు పాఠం చెప్పేవాళ్లకే ఏడుపు ముంచుకొచ్చేది కాబట్టి.

"అమ్మమ్మా, ఛలో, కల్ కర్తే హై," అని వీపు నిమిరి వెళ్లేది లత. ఆ 'కల్' అనే రేపు రాకుండానే విమానం వచ్చింది.

చెల్లెలికి ఫోన్లో చెప్పింది వజ్రమ్మ, ఈసారి తన బదులు లత వస్తుందని. "నాటకమన్న చూస్త పోనీ," అంది ఎల్లవ్వ.

ప్రదర్శన మర్నాడు ఫోన్ వచ్చింది.

"అక్కా, పొట్టి యముడున్నడు సూడు, మన లింగమూర్తి. ఆరున్నర కాంగనే కిరీటం తీసి స్టూలు మీద పెట్టి, సల్లగ దిగిపోయిండు."

"ఏడికి పోయిండు?"

"ఏడికి పోవాల్నో ఆయనకే సమజ్ కాలే. ఇరవై ఏండ్ల అలవాటు గద. వెన్క నిలవడి గడియారం సూస్తున్నడు. ఉమాకాంత్ పండుకోనే ఉన్నడు, సావాల్నో లేవాల్నో తెల్వక. ఆ పిల్ల దండం వెట్టుకుంట నిలవడ్డది."

"నర్సింగం?"

"ఆయన, కమిటీ అంత ఎప్పుడో డిన్నర్‌కు పోయిన్రు."

"అయ్యో. మరెట్ల?"

"ఎట్లేంది. ముంగట కూసున్నోల్లు సగం మంది ఒకప్పుడు సూరత్‌ల సాంచాలు నడిపినోల్లే. కిరీటం స్టూలు మీద సూసి ఊకుంటరా. ఒకడు క్రేన్ డ్రైవరు లేసి యముడైండు. శివుడేమో పెయింటరట, ఒంటి మీద సున్నం ఎట్లాగు ఉన్నది."

"తల్లి?"



"కండెలు చుట్టుకుంట నీతోని ఎన్నిసార్లు పాడలే అక్కా. లేసిన. ఎన్ని చరణాలు పాడిన్నో నాకే తెల్వది. ఆడ ఏ బస్సు రావాలె గనక, ఆపుతందుకు."

మస్కట్ పేపర్లో తల్లి పాట పాడుతున్న ఎల్లవ్వ ఫోటో పడింది. నర్సింగం గారు తిరిగి వచ్చి, పత్రికల వాళ్లను పిలిచి, శాలువా కప్పుకునే మాట్లాడారు. సగం నాటకం మనది, సగం ఆతిథ్య దేశానిది, ఇది ముందే అనుకున్న కాస్టింగ్ పాలసీ అన్నారు. ప్రపంచంలో ఏ నాటక బృందమూ ఇంత ఉదారంగా ప్రవర్తించలేదన్నారు. ఆ ఎల్లవ్వ వజ్రమ్మ చెల్లెలేనని లింగమూర్తి చెప్పగా వడోద్ గల్లీ అంతటికీ తెలుసు. సంఘానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. సంఘానికి ఎవరినీ అడిగే అలవాటు లేదు.

ఎల్లవ్వ మళ్లీ ఫోన్ చేసింది.

"అక్కా, ఫోటో సూసి మా శేఠానీ ఖుషీ అయింది. ఇన్నేండ్లు ఆర్టిస్టుతోని గిన్నెలు తోమిపిచ్చినమా అని. మీ నర్సింగం మనిషి ఫోన్ చేసిండట, ఈయేడు సూరత్ నాటకానికి నన్ను పిలుస్తరట. కాయితంల ఎన్ని రోజులు రాసి ఉంటె గన్ని రోజులు సెలవిస్త అన్నది."

ఆ సాయంత్రమే నర్సింగం గారు కాగితాలు పట్టుకుని వచ్చారు. ఈసారి ఒక్క టీతోనే విషయానికి వచ్చారు.

"అత్తా, మనసు గట్టి చేస్కో. ఈయేడు ఈడ తల్లి వేషం నీకు లేదు. ఇంటర్నేషనల్ ఆర్టిస్టును రప్పిస్తున్నం, ఒమాన్ నుంచి. ఎలక్షన్ల ముంగట మంచిగుంటది. నీకేం అభ్యంతరం లేదని సంతకం కావాలె."

వజ్రమ్మ ఆయన వాక్యం పూర్తికాకముందే సంతకం పెట్టింది. నర్సింగం గారు ఆమె త్యాగాన్ని కొనియాడారు.

"ఇంకోటి. ఆమె విదేశీ మనిషి. పాట అంటె ఎట్లనో పాడిందంట, మాట్లాడుడు వస్తదో రాదో. నువ్వు పక్కన ఉండి తెలుగు సమజ్ చెయ్యాలె. ఇంటర్‌ప్రిటర్. నీ ఇంట్లనే పెట్టుకో, హోటల్ అంటె కమిటీ ఒప్పుకోదు."

వజ్రమ్మ నోరు తెరిచింది. జన్మలో అబద్ధం చెప్పి నెగ్గుకొచ్చిన మనిషి కాదు. నోరు మూసి, ఆహ్వానం కాగితం దగ్గరికి లాక్కుని చదివింది.

"మూడు రోజులు రాసినవేంది బిడ్డా?"

"వచ్చుడొకటి, ఆడుడొకటి, పోవుడొకటి."

"తెలుగు రాని మనిషికి మూడు రోజులల్ల ఎట్ల నేర్పుత? అమ్మ, ఆవు కాడికెల్లి మొదలువెట్టాలె."

"ఎన్ని రోజులు పడ్తదంటవ్?"

"అక్షరాలకే నెల. గుణింతాలకు ఇంకో నెల," అంది వజ్రమ్మ. మూడో వేలు మడిచింది. "ఒత్తులు వస్తయో రావో."

నర్సింగం గారు కలం తీసి మూడు కొట్టేశారు. తొంభై రాశారు. విదేశాల్లో మన భాషకు పట్టిన గతి తలుచుకుంటే తనకు అన్నం సహించడం లేదన్నారు.

తనకూ అంతేనంది వజ్రమ్మ.