ఇంటికో బైపోలార్ ఉండాలి!

ప్రతి ఇంట్లోనూ ఒక బైపోలార్ పేషెంటు తప్పనిసరిగా ఉండాలని నా డిమాండ్! లేనివాళ్లు ఎలా బతుకుతున్నారో నాకు అర్థం కాదు. నిన్న మీరు ఎన్ని గంటలు నిద్రపోయారో మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా? నా నిద్ర సంగతి మా అత్తగారికి కూడా నిమిషాలతో సహా తెలుసు.

నేను వంటింటి కప్‌బోర్డులు చేసే షాపులో కొలతలు తీసే మనిషిని. జబ్బు బయటపడక ముందు నన్ను పట్టించుకున్న నాథుడు లేడు. ఒకావిడ ఒక్క షెల్ఫ్ కావాలంటే, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఉన్న ముప్పై రెండు వంటిళ్లకీ డిజైన్లు గీసేశాను. మూడు రోజులు కన్ను మూస్తే ఒట్టు! మా ఓనరు ఏం చేశాడో తెలుసా? "చూసి నేర్చుకోండి!" అని మిగతావాళ్లకి చీవాట్లు పెట్టి, నాకు షీల్డ్ ఇచ్చాడు. రెండు నెలల తర్వాత టేపు పట్టుకునే ఓపిక కూడా లేక నేను మంచాన పడి ఉంటే, అదే నోటితో బద్ధకం అన్నాడు. బంధువులైతే "మూడ్లు అందరికీ ఉంటాయిలే" అని తేల్చిపారేశారు.

చివరికి ఒక రోజు, రంగులు వేస్తానని ఇంట్లో తలుపులన్నీ ఊడదీసి వరండాలో పేర్చాను. బాత్రూం తలుపుతో సహా! అప్పుడు మా ఆవిడ నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన నన్ను పక్కన పెట్టి, ఈ హుషారూ ఈ నీరసమూ ఎన్నాళ్ల నుంచని ఆవిడనే అడిగాడు. ఆవిడ గుక్క తిప్పుకోకుండా రెండేళ్ల చరిత్ర చెప్పింది. అన్నీ చూస్తూనే ఉందన్నమాట! అలా నా జబ్బుకి ఒక పేరు, నాకు మాత్రలు, వేళకి నిద్ర, ఫ్రిజ్ మీద అంటించడానికి ఒక మూడ్ చార్ట్ దొరికాయి.

ఇక చూడండి నా వైభోగం! రెండు చొక్కాలు కొంటే బావమరిదితో కాన్ఫరెన్స్ కాల్. కూర బాగుందని రెండోసారి అంటే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. కుళాయి కారుతోందని అరిస్తే "మాత్ర వేసుకున్నారా?" అని ప్రశ్న. వేసుకున్నాను. కుళాయి ఇంకా కారుతూనే ఉంది! ఒప్పుకోవాలి కదా, ఈ కాపలా వల్లే ఏడాదిన్నరగా వేళకి షాపుకి వెళ్తున్నాను.

మా పాపకి పదకొండేళ్లు. నా హుషారు రోజుల్లో వాళ్ల స్కూలు ఫంక్షన్‌లో ఎవరూ పిలవకుండానే స్టేజీ ఎక్కి, మైకు లాక్కుని నలభై నిమిషాలు ఉపన్యాసం దంచాను. అప్పట్నుంచి తను నన్ను స్కూలు గేటు దాటనివ్వలేదు. పోయిన వారం మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడి, "నాటకంలో ఇన్‌స్పెక్టర్ వేషం నాదే. రెండు డైలాగులున్నాయి. వస్తావా నాన్నా?" అంది.

సంతోషం పొంగుకొచ్చింది. ఆ వెనకే ఫ్రిజ్ మీది చార్ట్ దగ్గరికి పరిగెత్తాను! నిద్ర ఏడు గంటలు, మాత్ర వేసుకున్నాను, మాట స్పీడు మామూలే. అయినా నమ్మకం కుదరలేదు.

"డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. నాకు బాగా సంతోషంగా ఉంది" అన్నాను మా ఆవిడతో.

"కూతురు రమ్మంటే సంతోషం రాకుండా ఎలా ఉంటుందండీ? వెళ్లి చొక్కా ఇస్త్రీ చేసుకోండి" అంది.

స్కూలు హాల్లో మూడో వరసలో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మా ఇన్‌స్పెక్టర్ లాఠీ ఊపుతూ రెండు డైలాగులూ అదరగొట్టింది. హాలంతా చప్పట్లు. నేను పక్కాయన చేతుల్నే చూస్తూ, ఆయన కంటే ఒకటి తక్కువే, అదీ మెల్లగా కొట్టాను.

ఇంటికొచ్చి షూ విప్పుతూ పిల్ల అడిగింది. "అందరూ అంత గట్టిగా చప్పట్లు కొట్టారు, నువ్వు మెల్లగా కొట్టావేం నాన్నా? నేను బాగా చెయ్యలేదా?"

అయ్యా, అమ్మా! మా ఇంటివాళ్ల కాపలా మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్లు అప్పుడప్పుడైనా నన్ను నమ్ముతున్నారు. నా లోపల కూర్చున్న కాపలావాడే ఒక్క పూట కూడా డ్యూటీ దిగడు. నన్ను మళ్లీ స్కూలుకి పిలిచిన పిల్ల, వాడి మూలంగా తన నటన నాన్నకి నచ్చలేదనుకుంది.

"చాలా బాగా చేశావే తల్లీ!" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

"మరి అక్కడే కొట్టొచ్చుగా!" అంది.