అడిగి తీసుకుంటే బతకదు

ఆ శుక్రవారం పొద్దున మురళీకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం జిల్లా గ్రంథాలయ అధికారి వచ్చేలోగా ఊళ్లో మొక్కల పిచ్చి ఉన్న నలుగురిని పట్టుకుని తలొక పుస్తకం అంటగట్టాలి. అంతే. ఆ అంతే కోసం ఆయన కాఫీ కూడా నిలబడే తాగాడు, అదీ గుమ్మంలో, ఒక కాలు చెప్పులో పెట్టి.

బూర్గంపాడు దాటాక గోదావరి వైపు తిరిగితే వచ్చే ఒక ఊళ్లో ఆయన గ్రంథాలయం నడుపుతున్నాడు. పైవాళ్ల ప్రాణాలు తోడి, ఏడాది పాటు వాళ్ల గుమ్మాల దగ్గర పడిగాపులు పడి, ఒక అద్దాల బీరువా నిండా మొక్కల పుస్తకాలు తెప్పించాడు. మొక్కలు పెంచే ప్రతి మనిషికీ సరిపడే పుస్తకం ఒకటి ఉంటుందనీ, మనిషిని చూసి మందు రాసినట్టు దాన్ని ఎంచి ఇవ్వాలనీ ఆయన నమ్మకం. మిద్దె మీద కుండీల్లో కూరగాయలు పండించే వాళ్లకు రంగు బొమ్మల పుస్తకం. గులాబీ కొమ్మ ఎక్కడ, ఏ వాలుగా కత్తిరించాలో ఓపిగ్గా చెప్పే లావు పుస్తకం. ఆకు మీద మచ్చను బట్టి తెగులు పేరు చెప్పేది ఒకటి, బెరడును బట్టి అడవి చెట్టును గుర్తుపట్టేది ఇంకొకటి. అన్నిటికన్నా చివర, ఏ మొక్క నాటినా చచ్చిపోయే వాళ్ల కోసం ఎవరో పుణ్యాత్ముడు రాసిన సన్నటి పుస్తకం.

ఆరు నెలలు గడిచినా వాటిలో ఒక్కటీ గడప దాటలేదు. పేపరు చదవడానికి వచ్చిన వాళ్లు బీరువా అద్దంలో తల దువ్వుకుని వెళ్లేవారు. ఆ సంగతి అధికారి రాజ్యశ్రీ చెవిన పడింది. ఆవిడ ఫోను చేసి మొహమాటం లేకుండా చెప్పేసింది.

"మొక్కలకు నీళ్లు కావాలి గానీ పుస్తకాలెందుకండీ? మా క్వార్టర్లో మొక్కలు వాటంతటవే అడవిలా పెరుగుతున్నాయి. శుక్రవారం వస్తాను. ఎవరూ చదవట్లేదని తేలితే ఆ పుస్తకాలన్నీ ఖమ్మం తెప్పించేస్తాను."

అప్పటి నుంచి మురళీకృష్ణకు కుర్చీలో కూర్చోవడం చేతకావడం లేదు. కన్నబిడ్డను హాస్టల్లో వేస్తామన్నట్టు బాధపడ్డాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా మధ్యలో లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చేవాడు.

ముందుగా గులాబీ పుస్తకం చంకన పెట్టుకుని నిర్మలాదేవి ఇంటికి పరుగెత్తాడు. వాళ్లది మామగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి మిర్చి పండిస్తున్న కుటుంబం. ఆవిడ పెరట్లో ఉన్నన్ని రంగుల గులాబీలు చుట్టుపక్కల ఎక్కడా లేవు. ఆయన పుస్తకం గొప్పతనమంతా చెప్పాక, ఆవిడ దాన్ని చేత్తో కూడా ముట్టుకోకుండా, మా అత్తగారు ఏ పుస్తకం చదివి పెంచారండీ ఈ మొక్కల్ని అని అడిగి, మజ్జిగ ఇచ్చి పంపింది. అక్కడి నుంచి పూల్‌సింగ్ దగ్గరికి వెళ్లాడు. కరెంటాఫీసులో రిటైరై, గ్రంథాలయానికి ఎదురుగా ఇల్లు కట్టుకుని వంకాయలు పండిస్తున్న పెద్దమనిషి ఆయన. తెగుళ్ల పుస్తకం గురించి చెప్పినదంతా శ్రద్ధగా విని, సంచీ నిండా పుచ్చులు లేని వంకాయలు ఏరి ఇచ్చాడు. పుస్తకం మాత్రం వద్దన్నాడు.

మురళీకృష్ణ పుస్తకాలతో, వంకాయలతో తిరిగొచ్చి, గ్రంథాలయం ఊడుస్తున్న కళావతి ముందు కసి తీర్చుకున్నాడు.

"మనీప్లాంటు అడిగి తీసుకుంటే బతకదు, దొంగతనంగ తెచ్చుకుంటేనే పాకుతదంటరు గదా. ఈ పుస్తకాలు గూడ గంతేనేమో. అడిగి తీస్కపోతే పనిచెయ్యవేమో."

ఆయన వేళాకోళానికే అన్నాడు. కానీ ఆ ఊళ్లో అది వేళాకోళం కాదు. అడిగి తెచ్చుకున్న కొమ్మ నాటితే ఎండిపోతుందనీ, ఎవరూ చూడకుండా తెంపుకొచ్చింది పెరడంతా కమ్ముకుంటుందనీ అక్కడ అందరికీ గట్టి నమ్మకం. దానికి ఒక మర్యాద కూడా ఉంది. మన పెరట్లో ఎవరైనా కొమ్మ తుంచుతూ కనిపిస్తే ఇంటివాళ్లు అరవకూడదు. మొహం పక్కకు తిప్పుకుని, ఎండ గురించో వాన గురించో తమలో తాము మాట్లాడుకోవాలి. తీసుకెళ్లిన వాళ్లు పొరపాటున కూడా ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే మొక్క పోతుంది.

కళావతి నవ్వలేదు. చీపురు పక్కన పెట్టి, కొంగు దోపుకుని, ఇప్పుడే వస్తానని బయటికి వెళ్లింది. దారిలో ఆ మాట టీకొట్టు దగ్గర ఒకసారి, నీళ్ల ట్యాంకు దగ్గర ఒకసారి చెప్పింది. నిర్మలాదేవి గుమ్మం చేరేసరికి అందులోని 'ఏమో' ఊడిపోయింది. మొక్కల పుస్తకాలు దొంగతనంగా తెచ్చుకుంటేనే ఫలితమిస్తాయని లైబ్రరీ సారే చెప్పిండట అని ఊరంతా అనుకుంది.

పదకొండు గంటలకు గ్రంథాలయం నిండిపోయింది. మురళీకృష్ణ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఎన్నడూ రాని ఆడవాళ్లు వచ్చారు. పూల్‌సింగ్ వచ్చాడు. ఒకరు మంచినీళ్లు అడిగారు, ఆయన లోపలికి వెళ్లి తెచ్చాడు. ఇంకొకరు బస్సు వేళలు అడిగారు, బయటికి తీసుకెళ్లి గోడ మీద రాసినవి చూపించాడు. నిర్మలాదేవి స్వయంగా ఆయన పిల్లల చదువుల గురించి అడిగింది. అడుగుతున్నంత సేపూ ఆవిడ ఎడమ చెయ్యి కొంగు లోపలే ఉంది. ఎవరూ ఎక్కువసేపు నిలవలేదు. ఆఖరి మనిషి వెళ్లాక మురళీకృష్ణ సంతోషంగా బీరువా వైపు తిరిగాడు.

బీరువా ఖాళీగా ఉంది. మొక్కలు బతకని వాళ్ల పుస్తకం ఒక్కటి గోడకు చేరగిలబడి ఉంది. దాన్ని తీసుకెళ్లడానికి ఊళ్లో ఎవరికీ పౌరుషం ఒప్పుకోలేదు.

కళావతిని నిలదీస్తే జరిగింది జరిగినట్టు చెప్పింది. అంతలో రాజ్యశ్రీ ఫోను చేసింది. పర్ణశాల నుంచి వస్తూ భద్రాచలం వంతెన మీద యాత్రికుల బస్సుల వెనక ఇరుక్కుందట, ఇంకో గంట పడుతుందట. చదవని పుస్తకాలైతే ఖమ్మం పోతాయి, పోయిన పుస్తకాలైతే తన ఉద్యోగమే పోతుంది. మురళీకృష్ణ చెప్పులు తిరగేసి తొడుక్కుని ఎదురింటికి పరుగెత్తాడు.

పూల్‌సింగ్ చొక్కా కింద, పొట్ట మీద, నలుచదరంగా ఏదో కనిపిస్తూనే ఉంది.

"పుస్తకమా? ఏం పుస్తకం సార్? నేను నీళ్లు తాగనీకి వచ్చిన," అన్నాడాయన, పొట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

"మీరు ఉంచుకోండి పూల్‌సింగ్ గారూ. ఒక్క సంతకం పెట్టండి, చాలు."

"సంతకం పెడితే దొంగతనం ఎట్లయితది సార్?"

ఇక మిగిలింది ఒకటే దారి, దొంగతనంగా పోయినవాటిని దొంగతనంగానే వెనక్కి తేవాలి. మురళీకృష్ణ నిర్మలాదేవి ఇంటి వెనక సందులోకి వెళ్లి ప్రహరీ మీదుగా తొంగి చూశాడు. గులాబీ పుస్తకం బావి గట్టు మీద తెరిచి ఉంది. ప్యాంటు చిరిగినా లెక్క చెయ్యకుండా గోడ ఎక్కి లోపలికి దూకాడు. సరిగ్గా అప్పుడే ఉతికిన బట్టల బుట్టతో ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చింది.

ఇద్దరి చూపులూ కలిశాయి. నిర్మలాదేవి మర్యాద తెలిసిన మనిషి. వెంటనే మొహం పక్కకు తిప్పుకుంది.

"ఇవాళ ఎండ మరీ ఎక్కువగా ఉంది," అని దండెంతో చెప్పి, నేల మీదున్న కొమ్మల కత్తెరను కాలితో మెల్లగా ఆయన వైపు తోసింది.

ఆవిడ నిలబడింది బావి గట్టు పక్కనే. కదిలే సూచన లేదు. గోడ దూకి వచ్చిన మనిషి ఉత్త చేతులతో వెళ్తే అనుమానం వస్తుంది. గత్యంతరం లేక మురళీకృష్ణ పసుపు గులాబీ కొమ్మ ఒకటి కత్తిరించుకుని, మళ్లీ గోడ ఎక్కాడు. ఆ తర్వాత దూరిన ప్రతి పెరట్లోనూ ఇదే జరిగింది. ఊరంతా ఆయనకు వీపు చూపించి ఎండ గురించి మాట్లాడింది. గంట తిరిగేసరికి ఆయన చేతుల నిండా గులాబీ కొమ్మలు, మల్లె అంట్లు, పూల్‌సింగ్ ఇంటి వంగనారు ఉన్నాయి. పుస్తకం ఒక్కటీ లేదు. గ్రంథాలయం ముందు జీపు ఆగి ఉంది.

రాజ్యశ్రీ ఖాళీ బీరువాను చూస్తూ నిలబడింది. మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటుతో, మట్టి చేతులతో లోపలికి వచ్చిన మురళీకృష్ణను కూడా అలాగే చూసింది.

"పుస్తకాలేవండీ?"

అబద్ధం ఆలోచించే ఓపిక ఆయనకు లేదు. వంగనారు చేతిలో పట్టుకునే, మనీప్లాంటు దగ్గర మొదలుపెట్టి బావి గట్టు దాకా మొత్తం చెప్పాడు. పుస్తకాలు ఖమ్మం పంపినా సరే, ఎవరి మీదా కేసు పెట్టవద్దని వేడుకున్నాడు.

ఆవిడ కిటికీ దగ్గరికి నడిచింది. ఎదురింట్లో పూల్‌సింగ్ తెగుళ్ల పుస్తకాన్ని ఇటుక మీద పెట్టుకుని, ఒక వంగ ఆకును, ఒక బొమ్మను మార్చి మార్చి చూస్తున్నాడు. పక్క మిద్దె మీద ఇద్దరు ఆడవాళ్లు కుండీల పుస్తకం కోసం పోట్లాడుకుంటున్నారు.

"నేను వచ్చింది చదువుతున్నారా లేదా అని చూడ్డానికి," అంది రాజ్యశ్రీ. "చదువుతున్నారు. బీరువా ఇక్కడే ఉంటుంది. సంతకాలు పెట్టడం మాత్రం నెమ్మదిగా నేర్పండి. వచ్చే నెల ఇంకొన్ని పుస్తకాలు పంపిస్తాను."

మురళీకృష్ణకు కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు. బీరువా వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది.

"కాస్త మంచినీళ్లు ఉంటాయా?"

ఆయన లోపలికి పరుగెత్తి, గ్లాసు కడిగి, కొత్త కుండలో నీళ్లు ముంచి తెచ్చాడు. అప్పటికే జీపు మలుపు తిరుగుతోంది. గుమ్మం దగ్గర కళావతి నోరు తెరుచుకుని బీరువానే చూస్తోంది.

"సారూ, ఉన్న ఆ ఒక్కటి గూడ లేదు. మేడం..."

మురళీకృష్ణ ఆ నీళ్లు తనే తాగేసి, పొద్దుటి నుంచి మొదటిసారి కుర్చీలో కూర్చుని, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"మనం చూడలే కళావతీ. చూస్తే మొక్క బతకదు."