చాయ్ మాటకు గొంతెవరిది?

“సాయంత్రం ఐదింటిలోగా ఆ గొంతెవరిదో తేల్చకపోతే నా పేరు చలపతిరావే కాదు!”

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ స్టూడియోలో హార్డ్‌డిస్కుల గది చూసుకునే చలపతిరావు, తానొక మహా డిటెక్టివ్‌నని తనకు తానే తేల్చేసుకున్న మనిషి. ఇదే ఒట్టు మీద మనవాడి పేరు ఇప్పటికి పదిహేడుసార్లు పోయింది.

ఈసారి మాత్రం సౌండ్ ఇంజినీరు హరిణి ఉద్యోగానికే ముప్పొచ్చి పడింది. పదేళ్ల కిందట రెండో రోజే థియేటర్ల నుంచి ఎత్తేసిన ఓ సినిమాలో, కొడుకుని పట్టుకుపోవడానికి పోలీసులొస్తే ముసలి తల్లి “జర ఆగుండ్రి! చాయ్ తాగనియ్యిండ్రి!” అంటుంది. ఎవడో పుణ్యాత్ముడు ఆ ముక్క కత్తిరించి, మేనేజరు పిలిస్తే ఉద్యోగి చెప్పే జవాబుగా ఫోన్లలోకి వదిలాడు. అంతే! పరీక్షలకీ, పెళ్లిచూపులకీ, ట్రాఫిక్ సిగ్నల్‌కీ అదే మీమ్. కొత్త సినిమాలో ఆ గొంతే కావాలని డైరెక్టరు పట్టుబట్టాడు. ఐదింటికల్లా తేకపోతే వేరే ఇంజినీర్ని చూసుకుంటానన్నాడు. హరిణికిది మొదటి సినిమా.

చలపతిరావు ఆ ముక్కని ఇరవైసార్లు చూశాడు. అందులో ముసలావిడ వీపే కనిపిస్తోంది.

“దొరికింది! ఈ వీపే మనకున్న ఏకైక సాక్షి!”

“అంకుల్, వీపు నటిదండీ. డబ్బింగ్ చెప్పింది వేరేవాళ్లు. ఎవరో ఎక్కడా రాసిపెట్టలేదు.”

“మనం అలా అనుకోవాలనే వాళ్ల ఎత్తుగడమ్మా!”

యూసుఫ్‌గూడ నుంచి పదకొండు మంది డబ్బింగ్ ఆర్టిస్టుల్ని రప్పించి, గోడవైపు తిప్పి నిలబెట్టి, దూరం నుంచే స్కేలుతో వీపులు కొలిచాడు.

“ఏంటండీ, జాకెట్లు కుట్టడం మొదలెట్టారా?” అని వాళ్లలో ఒకావిడ, శకుంతలమ్మ, విసవిసా వెళ్లిపోయింది. వెనకే మిగతా పదిమందీ.

స్టూడియోలో చాయ్ పోసే దేవమ్మ దగ్గరికొచ్చింది. “సారూ, నేనొక మాట...”

“ఆధారాలు చెరపకు! అవతలికి నడు!”

నాలుగూ నలభై. హరిణికి ఏడుపొక్కటే తక్కువ. అందరికీ పోశాక దేవమ్మ మైకు పక్కన కూలబడి తన గ్లాసు ఎత్తింది. చలపతిరావు ఉలిక్కిపడ్డాడు. పొద్దుట్నుంచి ప్రతి గదిలోనూ ఈ గ్లాసులే!

“వేలిముద్రలు!” అంటూ లాక్కోబోయాడు.

“జర ఆగుండ్రి! చాయ్ తాగనియ్యిండ్రి!”

గదిలో అందరూ దేవమ్మ వైపు తిరిగారు. మైకు ఆన్‌లోనే ఉంది, మాట రికార్డయింది. హరిణి ఆ గొంతునీ, పాత గొంతునీ వెంటవెంటనే వినిపించింది. అచ్చం ఒకటే.

“గా గొంతు నాదే బిడ్డా,” అంది దేవమ్మ. “గా దినం డబ్బింగ్ చెప్పెటామె రాలేదు. చాయ్ ఇయ్యనొస్తే నన్నే మైకు ముందట నిలవెట్టిండ్రు. నా చాయ్ సల్లారుతుందని అట్ల అంటి. సినిమాల ముసలామె మొకం కనవడదు గద, గా మాటే పెట్టుకున్నరు. పొద్దుగాల సంది చెప్తనంటే సారు చెప్పనియ్యలే.”

హరిణి ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంది. “ఈసారి తెర మీద మీ పేరు వేయిస్తానమ్మా! ఒట్టు!”

చలపతిరావు మీసం దువ్వాడు. “గ్లాసు ఎందుకు లాక్కోబోయాననుకున్నారు? అంతా నా పథకం! ఆవిడ పక్కన నా పేరూ వేయించమ్మా.”

“తేల్చింది మీరు కాదుగా అంకుల్. తేల్చకపోతే మీ పేరు చలపతిరావే కాదన్నారు,” అంది హరిణి మైకు సర్దుతూ. “ఇంతకీ ఏం పేరు వేయించమంటారు?”