దుబల్గుండి ఇంటర్నేషనల్

నెల తిరిగేలోగా తమ విశ్వజ్ఞాన ఇంజనీరింగ్ కాలేజీని అంతర్జాతీయ స్థాయికి చేర్చి, ప్రపంచమంతా బీదర్ వైపు తల తిప్పి చూసేలా చేస్తానని మంత్రిగారు ప్రకటించారు. మంత్రిగారు మాట ఇస్తే ఇచ్చినట్టే. ప్రకటన పేపర్లో పడ్డ రోజే పెయింటరు నిచ్చెన వేసుకుని గేటెక్కి, 'విశ్వజ్ఞాన'కీ 'ఇంజనీరింగ్'కీ మధ్య కాస్త జాగా చేసి 'ఇంటర్నేషనల్' అని ఇరికించాడు. దాంతో పని ముప్పాతిక వంతు పూర్తయింది. మిగిలింది ఒక్క అంతర్జాతీయ విద్యార్థి.

వెతికి తెచ్చే బాధ్యత పీరప్ప మీద పడింది. పీరప్ప పార్టీ కార్యకర్త. సభలకు జనాన్ని తోలడంలో ఆయన్ని మించినవాడు జిల్లాలో లేడు. వెయ్యి మందిని తెమ్మంటే తెల్లారేసరికి తేగలిగిన మనిషికి, ఒక్క విదేశీయుణ్ణి తెమ్మనేసరికి పాపం చెమటలు పట్టాయి. కొల్హార్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాసే నేపాలీ ఆయన కనిపిస్తే, ఎమ్‌టెక్ చేస్తారా అని గౌరవంగా అడిగాడు. ఆయన కూడా అంతే గౌరవంగా, నైట్ డ్యూటీ ఉంది, కుదరదన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పీరప్ప మేనకోడలు మహాదేవి ఆ కాలేజీ చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతోంది. దుబల్గుండిలో కందులు, శనగలు పండించుకునే అక్క రాచమ్మ కూతురు. ఆ కాలేజీలోనే మెకానికల్ చదివి, క్లాసులో అందరికన్నా ముందు నిలిచి, విదేశాల్లో ఎమ్మెస్ కోసం ఆరు యూనివర్సిటీలకు అప్లై చేసింది. ఐదు వద్దన్నాయి. ఆరోది సీటిచ్చి, ల్యాబులో పని చేస్తే జీతం కూడా ఇస్తానని మెయిల్ పంపింది. ఒకటే షరతు. నాలుగేళ్ల మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్, కాలేజీ ముద్ర వేసి సీలు చేసిన కవర్లో, నెలాఖరుకల్లా తమకు చేరాలి. ముద్ర చెదిరితే చెల్లదు. చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ కవరు ఇవ్వాల్సింది ప్రిన్సిపాల్ సంగమేశ్ గారు. సంగమేశ్ గారు ఎవరినీ కాదనే మనిషి కారు. మూడు వారాలుగా రేపు రమ్మంటున్నారు.

ఒకరోజు మహాదేవికి ఒళ్లు మండింది. ఫోను తీసి ఆయన ముక్కు ముందు పెట్టింది.

"జర చదువుండ్రి సార్. నెలాఖరు దాటితే సీటు పోతదంటుండ్రు."

సంగమేశ్ గారు కళ్లద్దాలు సవరించుకుని చదివారు. మొదటి లైను దగ్గరే ఆగిపోయారు. 'డియర్ ఇంటర్నేషనల్ స్టూడెంట్' అని ఉంది.

"ఇది ఎవలకు రాసిండ్రు?"

"నాకే సార్."

"అంటే నువ్వు ఇంటర్నేషనల్ స్టూడెంటువా?"

"వాళ్లకు సార్. మనకు గాదు."

"అంత పెద్ద యూనివర్సిటీ అబద్ధం రాస్తదామ్మా?" అంటూనే ఆయన పీరప్పకు ఫోన్ కలిపారు. "పీరప్పా, దొరికింది! మీ ఇంట్లనే ఉన్నది."

ఒప్పందం పావుగంటలో కుదిరింది. సభలో మహాదేవి మంత్రిగారి పక్క కుర్చీలో కూర్చోవాలి. నోరు తెరిస్తే ఇంగ్లీషే మాట్లాడాలి. సభ ముగియగానే సీలు వేసిన కవరు చేతికొస్తుంది. కవరు అప్పుడే తయారు చేయించి, ఇదిగో అని దూరం నుంచి చూపించి, సంగమేశ్ గారు డ్రాయర్లో పెట్టి తాళం వేశారు.

"నేను గూసోను మామా," అంది మహాదేవి బయటికొచ్చాక. "నాలుగేండ్లు గీడనే సదివిన. అందరు గుర్తుపడ్తరు."

"అందరెక్కడుంటరు బిడ్డా? ఆ దినం కాలేజీకి సెలవు." చదువుకు ఆటంకం కలగకూడదని విద్యార్థులకు సెలవిచ్చారు. చప్పట్లకు బసవకళ్యాణ్ నుంచి మూడు లారీల జనం వస్తున్నారు.

"మరి యే దేశమని చెప్పాలె?"

"ఎవలన్న అడిగితే గద!"

పీరప్ప అనుభవం చిన్నది కాదు. చివరిదాకా ఎవ్వరూ అడగలేదు.

సభ రోజు పొద్దున్నే పీరప్ప మేనకోడల్ని ప్రేమల బ్యూటీ పార్లర్‌కు తీసుకెళ్లాడు. విదేశీ జుట్టు కావాలన్నాడు. ప్రేమల కాసేపు ఆలోచించి, మహాదేవి జడ విప్పి, మొక్కజొన్న పీచు రంగు దట్టంగా పట్టించింది. పైన నల్లకళ్లద్దాలు. అద్దంలో చూసుకుని, ఎవరో అనుకుని మహాదేవి తనకే నమస్కారం పెట్టబోయింది.

వేదిక మీద ఆమెకు శాలువా కప్పారు. వెండి తీగెల పని చేసిన బిద్రీ కూజా చేతిలో పెట్టి ఫోటో తీశారు. ఫోటో కాగానే కూజా వెనక్కి తీసుకుని, తర్వాతి అతిథి కోసం అల్మారాలో భద్రపరిచారు. అంతా సవ్యంగా సాగుతుండగా ముందు వరసలోంచి ఒక ముసలామె లేచి నిలబడింది. మూడో లారీ నిండకపోతే పీరప్ప సొంత ఊరి నుంచి కొందరిని ఎక్కించుకొచ్చాడు. అదొక్కటే ఆయన చేసిన పొరపాటు. లేచినామె దుబల్గుండి తాయవ్వ.

"ఓ పీరప్పా! ఈ పిల్ల మన రాచమ్మ బిడ్డ గాదా? జుట్టుకేమైందిరా?"

"మనిషి లెక్క మనుషులుంటరు పెద్దవ్వా, గూసో!" అన్నాడు పీరప్ప మైకులో. "భోజనాలు సభ అయినంకనే."

భోజనం మాట వినగానే తాయవ్వ అనుమానం తీరిపోయి కూర్చుంది.

మంత్రిగారు లేచారు. కన్నడంలో మొదలుపెట్టి, ఊపు వచ్చాక హిందీలోకి మళ్లి, చప్పట్లు పలచబడ్డాక తెలుగులోకి దిగారు.

"ఈ బిడ్డను సూడుండ్రి! సముద్రాలు దాటి మన కాలేజీకి వచ్చింది. బయటోళ్లే మన కాడికి వస్తుంటే మన పిల్లలు బయటికెందుకు పోవాలె? గందుకే చెప్తున్న. ఈ నిమిషం నుంచి మన కాలేజీల ఫారిన్‌కు ట్రాన్స్‌క్రిప్టులు ఇచ్చుడు బంద్!"

మూడు లారీల చప్పట్లు మోగాయి. మహాదేవి చేతులు ఒళ్లో అలాగే ఉండిపోయాయి. వేదిక మీది పెద్దలు కాక, ట్రాన్స్‌క్రిప్టు అంటే ఏమిటో ఆ మైదానంలో తెలిసింది ఆమెకొక్కదానికే. చప్పట్లు కొట్టక్కర్లేనిదీ ఆమెకొక్కదానికే. కానీ తెలుగు రాని మనిషి ఆ మాటకు ముఖం మాడ్చుకోకూడదు.

"క్లాప్, మాదేవీ, క్లాప్," అన్నాడు వెనకనుంచి పీరప్ప, దుబాసీ హోదాలో.

ఆమె చప్పట్లు కొట్టింది. మంత్రిగారు ముచ్చటపడి, అతిథి నాలుగు మాటలు చెప్పాలన్నారు. మహాదేవి మైకు పట్టుకుని చక్కటి ఇంగ్లీషులో, నా కవరు నాకిస్తామని చెప్పి మీరంతా కలిసి నన్ను మోసం చేశారు, ఇది అన్యాయం అంది.

"బీదర్ అభివృద్ధి చూసి మేడమ్ కండ్లల్ల నీళ్లు తిరిగినయంటుండ్రు!" అని పీరప్ప అనువదించాడు.

నీళ్లు తిరిగిన మాట మాత్రం నిజం. కెమెరాలన్నీ ఆ నీళ్లనే పట్టుకున్నాయి.

సభ కాగానే ఆమె పీరప్పను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి చెయ్యి చాపింది.

"ఇందాక అయితే ఇస్తుంటి," అన్నారు సంగమేశ్ గారు బాధగా. "ఇప్పుడు పాలసీ అయిపాయె గదమ్మా."

మహాదేవి ఏదో అనబోతుండగా మంత్రిగారే లోపలికి వచ్చారు. గన్‌మన్లను బయట నిలబెట్టి తలుపు దగ్గరికి వేశారు. ఆయన చేతిలో సీలు వేసిన పొడుగాటి కవరుంది. మహాదేవి దాన్ని చూడగానే పోల్చుకుంది. అదే ముద్ర, అదే రంగు కవరు.

"పీరప్పా, మేడమ్‌కు చెప్పు. ఇది మా చిన్నోడు శివుగాని ట్రాన్స్‌క్రిప్టు. గిక్కడ వాని చదువు ముందరికి పోతలేదు. మేడమ్ పోయేటప్పుడు తీసుకపోయి, వాళ్ల పెద్దసార్లకు ఓ మాట చెప్పి ఇయ్యమను. సీటు పక్కా గావాలె."

పీరప్ప ఇంగ్లీషులోకి దిగాడు. "మేడమ్, దిస్ సార్ సన్. గుడ్ బాయ్. యూ టేక్. యూ టెల్."

మహాదేవి కవరు వైపు చూసింది. తర్వాత తాళం వేసిన డ్రాయర్ వైపు చూసింది. నల్లకళ్లద్దాలు ముక్కు మీదికి ఎగదోసుకుంది.

ఆమె తాపీగా ఇంగ్లీషులో చెప్పిందేమిటంటే, అక్కడ ఒంటి కవరు తీసుకోరు. ఒక కాలేజీ నుంచి రెండు కలిసి వస్తేనే లోపలికి రానిస్తారు. రెండోది మెకానికల్‌లో మంచి మార్కులొచ్చిన ఆడపిల్లదైతే, మొదటిదాని గౌరవం పెరుగుతుంది.

పీరప్ప పార్టీ మనిషే. అయినా మేనమామ కదా. ఒక్క ముక్క పొల్లు పోకుండా చెప్పాడు.

"ఆడపిల్లదా? ఉన్నదా మన కాడ?" అని మంత్రిగారు ప్రిన్సిపాల్ మీదికి తిరిగారు.

"ఒకటి తయారుగనే ఉంది సార్," అన్నారు సంగమేశ్ గారు నేల చూపులు చూస్తూ. "గానీ, ఇప్పుడే పాలసీ..."

"అది మైకుల చెప్పిన. ఇది గదిల చెప్తున్న. తియ్!"

డ్రాయర్ తెరుచుకుంది.

"ఎవల పిల్లది?"

"దుబల్గుండి సార్. మహాదేవి అని."

"ఎవలైతే ఏంది, పెట్టు," అన్నారు మంత్రిగారు. ఆ పేదపిల్ల భవిష్యత్తు కోసం అంత త్వరగా నిర్ణయం తీసుకున్న నాయకుణ్ణి ఆ జిల్లా అంతకుముందు చూడలేదు. రెండు కవర్లూ స్వయంగా మహాదేవి చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించారు.

సాయంత్రం బస్టాండులో, ఊరికి పోవాల్సిన హుమ్నాబాద్ బస్సు నిండుగా ఉంది. కండక్టరు ఆ జుట్టునూ ఆ కళ్లద్దాలనూ చూసి వినయంగా వంగాడు.

"మేడమ్, ఫ్రీ లోకల్ లేడీస్‌కే. మీకు టికెట్ పడ్తది."

మహాదేవి ఆధార్ కార్డు తీసి చూపించింది. ఆయన కార్డు చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. సున్నా రూపాయల టికెట్ చింపి ఇచ్చాడు.

వెనక ఒక్క సీటే ఖాళీగా ఉంది. ఎవరో చెరుకు రసం ఒలకబోసి వెళ్లినట్టున్నారు, జిగటగా ఈగలు ముసురుతున్నాయి. మహాదేవి రెండు కవర్లూ తిప్పి పేర్లు చూసింది. ఒకటి చున్నీలో చుట్టి గుండెకు హత్తుకుంది. రెండోది సీటు మీద నీటుగా పరుచుకుని కూర్చుంది.